పైపు మీద అంకె, లైన్‌లో నిలిచే అంకె: ప్లాస్టిక్ ప్రెజర్ పైపుల్లో ఏది ఎక్కడ?

పీఎన్ 10 అని ముద్ర ఉన్న రెండు పైపులు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి పీవీసీ, ఒకటి నల్ల హెచ్‌డీపీఈ (పాలిథిలీన్). రెండూ 10 బార్లకు, అంటే దాదాపు 100 మీటర్ల నీటి ఎత్తుకు సరిపోతాయని ఆ ముద్ర చెబుతుంది. అయితే అది చల్లటి నీటికి, ఎగుడుదిగుడు లేని నిలకడ ప్రెజర్‌కు చెప్పిన మాట. పీవీసీలో నీరు 40 డిగ్రీలకు కాగితే అదే పైపును 6.3 బార్ల పైపుగా లెక్కేసుకోవాలి. హెచ్‌డీపీఈ అయితే అదే వేడికి 7.4 బార్లు. పంపు ఆగినప్పుడల్లా వెనక్కి తన్నే నీటి దెబ్బను ఇంకా లెక్కలోకి తీసుకోనే లేదు.

అందుకే ‘ఏ పైపు గట్టిది?’ అని అడిగితే సమాధానం తేలదు. నీరు ఎంత వేడిగా ఉంటుంది, ప్రెజర్ రోజుకు ఎన్నిసార్లు ఎగిరిపడుతుంది, జాయింట్లు ఎవరు ఎలా వేస్తారు, పైపు ఎండలో ఉంటుందా మట్టిలోనా అన్న నాలుగూ ముందు తేల్చుకోవాలి. అవి తేలితే ఎంపిక చాలావరకు అయిపోయినట్టే.

## ముద్ర వెనక ఉన్న లెక్క

పైపులో ప్రెజర్ పెరిగితే గోడ చుట్టుకొలత వెంబడి సాగుతుంది. ఆ లాగుడును ఒక ప్లాస్టిక్ 20 డిగ్రీల దగ్గర 50 ఏళ్లపాటు ఎంత భరించగలదో చెప్పే అంకెను ఎంఆర్‌ఎస్ అంటారు. పాలిథిలీన్ (పీఈ) రకాల్లో పీఈ80కి ఇది 8 మెగాపాస్కల్స్, పీఈ100కి 10, గట్టి పీవీసీకి (పీవీసీ-యూ) 25. పేర్లలోని 80, 100 వచ్చింది ఇక్కడి నుంచే.

ఎవరూ 50 ఏళ్లు కూర్చుని పరీక్షించలేదు. పైపు ముక్కలను నీటితో నింపి, వేర్వేరు వేడిలో, వేర్వేరు ప్రెజర్లలో పగిలేదాకా ఉంచుతారు. వాటిలో కొన్ని 10,000 గంటలకు పైగా, అంటే ఏడాది దాటి నడుస్తాయి. ఆ ఫలితాలను ఐఎస్‌ఓ 9080 అనే అంతర్జాతీయ ప్రమాణం పద్ధతిలో ముందుకు పొడిగించి 50 ఏళ్ల అంకె తీస్తారు. 51వ ఏట పైపు పగులుతుందని దీని అర్థం కాదు. ఆ లాగుడు నిరంతరం ఉన్నా అప్పటిదాకా నిలుస్తుందని మాత్రమే.

తర్వాత భద్రత కోసం ఎంఆర్‌ఎస్‌ను ఒక గుణకంతో భాగిస్తారు. నీటి లైన్లకు పీఈలో ఇది 1.25. పీవీసీలో 90 మి.మీ. దాకా 2.5, 110 మి.మీ. నుంచి పైకి 2. ఇక మిగిలింది ఎస్‌డీఆర్. బయటి వ్యాసాన్ని గోడ మందంతో భాగిస్తే వచ్చే అంకె ఇది. ఎస్‌డీఆర్ చిన్నదైతే గోడ మందంగా ఉన్నట్టు. పీఎన్ కావాలంటే అనుమతించిన లాగుడును 20తో హెచ్చించి, ఎస్‌డీఆర్‌లోంచి ఒకటి తీసేసి, దానితో భాగించాలి.

63 మి.మీ. పీఎన్ 10 పైపుకు ఈ లెక్క వేస్తే ఇలా తేలుతుంది:

| రకం | అనుమతించిన లాగుడు, మెగాపాస్కల్స్ | ఎస్‌డీఆర్ | గోడ, మి.మీ. | లోపలి వ్యాసం, మి.మీ. |
|---|---|---|---|---|
| పీవీసీ-యూ | 10 | 21 | 3.0 | 57.0 |
| పీఈ100 | 8 | 17 | 3.8 | 55.4 |
| పీఈ80 | 6.3 (6.4ను కిందికి సర్ది) | 13.6 | 4.7 | 53.6 |

బయటి కొలత ఒకటే అయినా నీరు వెళ్లే దారి మాత్రం ఒకటి కాదు. పీఈ80కన్నా పీవీసీలో ఆ దారి 13 శాతం ఎక్కువ. పొడవైన లైన్లలో పంపు మీద పడే బరువులో ఈ తేడా కనిపిస్తుంది. కొనేటప్పుడు ఈ పట్టిక మరో పనికీ వస్తుంది. వెర్నియర్ కాలిపర్‌తో గోడను నాలుగు చోట్ల కొలవండి. ఎక్కడైనా ఈ అంకెకన్నా తక్కువ వస్తే ముద్ర ఏం చెప్పినా అది పీఎన్ 10 కాదు. పట్టికలో ఉన్నది కనీస మందం, సగటు కాదు.

అంగుళాల పైపుల మీద కనిపించే ‘షెడ్యూల్ 40’ అన్న మాటకు, పీఎన్‌కు పొత్తు లేదు. షెడ్యూల్ అంటే గోడ మందం తరగతి మాత్రమే. అర అంగుళం షెడ్యూల్ 40 పీవీసీ 23 డిగ్రీల దగ్గర దాదాపు 41 బార్లు తట్టుకుంటే, నాలుగంగుళాల షెడ్యూల్ 40 తట్టుకునేది 15 బార్లే. సైజు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. షెడ్యూల్ 80 పైపుకు మరలు కోస్తే రేటింగ్ సగానికి పడిపోతుంది. షెడ్యూల్ 40కి అసలు మరలు కోయకూడదు.

## మొదటి జల్లెడ: వేడి

పీఈలో నీరు 30 డిగ్రీలుంటే పీఎన్‌ను 0.87తో, 40 డిగ్రీలుంటే 0.74తో హెచ్చించాలి. పీవీసీ 25 డిగ్రీల దాకా పూర్తి బలంతో ఉంటుంది. 25 నుంచి 35 మధ్య 0.8, 35 నుంచి 45 మధ్య 0.63. ఆపైన పీవీసీ-యూ పనికిరాదు. ఇక్కడ చూడాల్సింది గాలి వేడి కాదు, పైపు గోడ వేడి. ఎండలో ఆరుబయట నీరు కదలకుండా నిలిచిన పైపు గోడ, గాలికన్నా చాలా వేడెక్కుతుంది.

వేడినీటి పైపులకు పీఎన్ మీద ఆధారపడటం మరీ పొరపాటు. వాటిని ఐఎస్‌ఓ 10508 వాడుక తరగతుల ప్రకారం లెక్కిస్తారు. తరగతి 2 అంటే ఇంటి వేడినీరు: 50 ఏళ్లలో 49 ఏళ్లు 70 డిగ్రీలు, ఒక ఏడాది 80, పొరపాటున 100 గంటలు 95 డిగ్రీలు. ఈ లెక్కలోకి దిగితే పీఎన్ 20గా అమ్మే ఎస్‌డీఆర్ 6 పీపీ-ఆర్ (పాలిప్రొపిలీన్) పైపుకు దక్కేది 8 బార్లు. ఎస్‌డీఆర్ 7.4 పీపీ-ఆర్‌కు 6 బార్లే. అదే ఎస్‌డీఆర్ 7.4 పెక్స్ (అణువులను అడ్డంగా ముడివేసిన పీఈ) పైపుకు 10 బార్లు. కాబట్టి వేడినీటి పైపు కొనేటప్పుడు పీఎన్ కాదు, ‘తరగతి 2, 8 బార్లు’ లాంటి ముద్ర కోసం వెతకండి. అది లేని పైపును చల్లనీటి పైపు అనుకోవడమే మేలు.

వేడి చేసే రెండో పని సాగదీయడం. 20 డిగ్రీల దగ్గర బిగించిన 8 మీటర్ల లైన్‌లో 65 డిగ్రీల నీరు పారితే సీపీవీసీ (వేడిని తట్టుకునే పీవీసీ) 25 మి.మీ. సాగుతుంది, పీపీ-ఆర్ 54 మి.మీ. సాగడానికి చోటు లేకుండా రెండు చివరలా క్లాంపులతో గట్టిగా పట్టేస్తే ఆ జరుగు అంతా దగ్గర్లోని ఎల్బో మీద పడుతుంది. మలుపుకు ముందు క్లాంపును దూరంగా వేసి పైపు వంగే చోటివ్వాలి. మధ్యలో ఉండే క్లాంపులు పైపును మోయాలే తప్ప నొక్కి పట్టకూడదు. గాజు పీచు పొర ఉన్న పీపీ-ఆర్ మామూలు దానిలో మూడో వంతు మాత్రమే సాగుతుంది. పొడవైన వేడినీటి లైన్‌కు ఆ రకమే తీసుకోండి.

## రెండో జల్లెడ: నీటి దెబ్బ

పంపు ఆగినా, వాల్వ్ టక్కున మూసినా కదిలే నీరు ఒక్కసారిగా నిలిచి, ప్రెజర్ అలగా వెనక్కి పరుగెడుతుంది. ఆ అల వేగం ఎస్‌డీఆర్ 21 పీవీసీలో సెకనుకు సుమారు 380 మీటర్లు, ఎస్‌డీఆర్ 17 పీఈలో సుమారు 240. నీటి వేగం సెకనుకు ఒక మీటరు ఉండి అది పూర్తిగా ఆగితే పీవీసీలో 3.8 బార్లు, పీఈలో 2.4 బార్లు అదనంగా ఎగురుతాయి. వేగం రెండు మీటర్లైతే రెట్టింపు. 6 బార్ల మీద నడిచే పీవీసీ లైన్‌లో నీటి వేగాన్ని రెండు మీటర్లకు వదిలేశారంటే ప్రతి దెబ్బకూ 13 బార్లు దాటుతుంది.

వాల్వ్ ఎంత మెల్లగా మూయాలన్నదీ ఇందులోంచే తెలుస్తుంది. అల లైన్ చివరికి వెళ్లి తిరిగి వచ్చే సమయంకన్నా త్వరగా మూస్తే దెబ్బ పూర్తిగా తగులుతుంది. 400 మీటర్ల పీవీసీ లైన్‌కు ఆ సమయం రెండు సెకన్ల పైచిలుకు, పీఈకి మూడు సెకన్ల పైచిలుకు. పావు తిప్పుతో మూసుకునే బాల్ వాల్వ్ దీనికి ఎప్పుడూ అందదు. పొడవైన లైన్ల చివర గేట్ వాల్వే ఉండాలి.

ఒక్క దెబ్బకు పైపు పగలడం అరుదు. వేల సార్లు తగిలి పగలడమే ఎక్కువ. పీవీసీకి ఈ అలసట సమస్య బాగా ఉంది. జాయింటు దగ్గర, గీత పడ్డ చోట సన్నని పగులు పుట్టి ప్రతి దెబ్బకూ కొంచెం కొంచెం పాకుతుంది. కొన్నేళ్లు బాగా పనిచేసిన లైన్ ఒక రోజు పొడవునా చీలితే మొదట అనుమానించాల్సింది ప్రెజర్ ఎంత పెరిగిందన్నది కాదు, పంపు రోజుకు ఎన్నిసార్లు ఆన్, ఆఫ్ అవుతోందన్నది. ప్రెజర్ ట్యాంకులో గాలి పోయి పంపు నిమిషానికోసారి మొదలై ఆగుతుంటే ఏడాదికి లక్షల దెబ్బలు. అలాంటి చోట పీఈ100 నిస్సందేహంగా మేలు.

## ఒక్కో పైపు

పీవీసీ-యూ. చల్లనీటికి, నిలకడ ప్రెజర్‌కు, తిన్నగా వెళ్లే లైన్లకు బాగా సరిపోతుంది. క్లోరిన్ దీన్ని ఏమీ చేయదు. బలహీనత జాయింట్లలోనే. సొల్యూషన్ అతికించే జిగురు కాదు, రెండు ఉపరితలాలనూ కరిగించి ఒకటిగా కలిపే ద్రావకం. అందుకే పొడిగా అమర్చినప్పుడు పైపు ఫిట్టింగ్‌లోకి మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల లోతు దాకా వెళ్లి బిగుసుకోవాలి. వదులుగా అడుగు దాకా జారిపోతే ఎంత సొల్యూషన్ పూసినా నిలవదు. కోసిన అంచును ఏటవాలుగా గీకి, పైపుకు దండిగా, ఫిట్టింగ్‌కు పలుచగా పూసి, పావు తిప్పు తిప్పుతూ అడుగు దాకా నెట్టి, అర నిమిషం పట్టుకోవాలి. వదిలేస్తే పైపు వెనక్కి జారుతుంది. ఫిట్టింగ్ లోపల సొల్యూషన్ మడుగు కడితే అక్కడి గోడ మెత్తబడి, నెలల తర్వాత సరిగ్గా అదే చోట పగులుతుంది. పెద్ద సైజుల్లో రబ్బరు రింగు జాయింటే నయం. అయితే అది పైపును లాగి పట్టదు. ప్రతి మలుపు దగ్గర, టీ దగ్గర, చివరి మూత దగ్గర కాంక్రీటు దిమ్మె తప్పనిసరి.

ఎండలో పీవీసీ పైపొర పెళుసుబారుతుంది. ప్రెజర్ తట్టుకునే బలం అంతగా తగ్గదు కానీ తగిలిన దెబ్బకు పగిలే గుణం వస్తుంది. నీటితో కలిపే తెల్ల పెయింటు రెండు పూతలు చాలు. థిన్నర్‌తో కలిపే పెయింటు వాడకండి.

పీవీసీని సాగదీసి అణువులను ఒక వరసలో పెట్టి చేసే పీవీసీ-ఓ అన్న రకమూ ఉంది. దాని ఎంఆర్‌ఎస్ 50 దాకా వెళ్తుంది, గోడ పలుచన, దెబ్బను బాగా ఓర్చుకుంటుంది. దానికి సొల్యూషన్ జాయింటు పనికిరాదు, రబ్బరు రింగే. పెద్ద సైజు భూగర్భ లైన్లకు తప్ప దీన్ని పట్టించుకోనక్కర్లేదు.

హెచ్‌డీపీఈ. నేల కుంగే చోట, వంపులు తిరిగే చోట, దెబ్బలు ఎక్కువ ఉన్న చోట దీనికి సాటి లేదు. వేడి చేసి కలిపిన జాయింటు సరిగ్గా పడితే పైపంత గట్టిగా ఉంటుంది, లైన్ మొత్తం ఒకే ముక్క అవుతుంది కాబట్టి కాంక్రీటు దిమ్మెల అవసరమూ తగ్గుతుంది. సరిగ్గా పడితేనే. ఎలక్ట్రోఫ్యూజన్ జాయింట్లు (కరెంటు తీగ పొదిగిన ఫిట్టింగ్‌ను వేడెక్కించి కలిపేవి) విఫలమవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం పైపు ఉపరితలాన్ని గీకకపోవడం. నిల్వలో పైపొర ఆక్సీకరణ చెందుతుంది, అది కరిగినా కలవదు. స్క్రేపర్‌తో చుట్టూ కనీసం 0.2 మి.మీ. పొర తీయాలి. గరుకు కాగితంతో రుద్దితే ఆ పొర పోదు, మురికి ఇంకా లోపలికి దిగుతుంది. గీకే ముందు మార్కర్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీయండి. గీత ఎక్కడ మిగిలితే అక్కడ గీకనట్టే. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వేలు పెట్టకుండా, క్లాంపులో బిగించి, చల్లారేదాకా కదపకుండా ఉంచాలి.

దీని రెండో శత్రువు రాయి. గుంతలో పైపు కింద ఒక్క కోసురాయి ఉన్నా ఆ చోట నిరంతర ఒత్తిడి పడి పగులు చాలా మెల్లగా, ఏళ్ల తరబడి గోడలో పాకుతుంది. పీఈ పైపును పరీక్షించేటప్పుడు బయట గాట్లు కోసి 80 డిగ్రీల నీటిలో ప్రెజర్ కింద వందల గంటలు ఉంచేది ఈ గుణం తెలుసుకోవడానికే. కింద 100 మి.మీ. ఇసుక పరవండి. అది కుదరకపోతే పీఈ100-ఆర్‌సీ రకం అడగండి, దాన్ని ఈ పగులును ఓర్చుకోవడానికే తయారు చేశారు. గోడ మందంలో పదో వంతు మించి గీత పడ్డ ముక్కను కోసి పారేయాల్సిందే.

నల్ల రంగు అందానికి కాదు. పీఈలో 2 నుంచి 2.5 శాతం కార్బన్ బ్లాక్ కలుపుతారు, ఎండను ఆపేది అదే. పెట్రోలు, డీజిలు ఇంకిన నేలలో మాత్రం తాగునీటికి మామూలు పీఈ వేయకండి. ఆ ఆవిరులు గోడలోంచి నీటిలోకి చొరబడతాయి. అక్కడ అల్యూమినియం పొర ఉన్న పైపు కావాలి.

సీపీవీసీ. వేడినీటికి పీవీసీ లాంటి తేలిక పనితనం కావాలనుకునేవారికి ఇది. రాగి గొట్టం కొలతల్లో వచ్చే ఎస్‌డీఆర్ 11 రకం 23 డిగ్రీల దగ్గర 27.6 బార్లు, 82 డిగ్రీల దగ్గర 6.9 బార్లు తట్టుకుంటుంది. క్లోరిన్ కలిసిన వేడినీటిని ఇది పీపీ-ఆర్, పెక్స్‌ల కన్నా బాగా ఓర్చుకుంటుంది. అయితే కొన్ని నూనెలు, మెత్తటి పీవీసీలోని ప్లాస్టిసైజర్లు తగిలితే ఒత్తిడి ఉన్న చోట పగుళ్లు వస్తాయి. కరెంటు తీగల పై తొడుగు, మెత్తటి టేపు, మరలకు పూసే పేస్టు, ఏసీ కంప్రెసర్ నూనె, నిప్పును ఆపే కొన్ని సీలంట్లు అందరూ మరిచిపోయే దోషులు. సీపీవీసీ సొల్యూషన్ వేరు, పీవీసీ సొల్యూషన్ వేరు. రెండోది దీనికి వాడితే చల్లగా ఉన్నంతసేపే నిలుస్తుంది.

పీవీసీకీ సీపీవీసీకీ కలిపి ఒక హెచ్చరిక. ప్లాస్టిక్ లోమరలోకి ఇనుప బయటిమరను బిగించకండి. మర కొస సన్నం, మొదలు లావు కాబట్టి అది గూటంలా లోపలికి దిగి ఫిట్టింగ్‌ను చీలుస్తుంది, టెఫ్లాన్ టేపు ఎక్కువ చుట్లు వేస్తే ఇంకా త్వరగా. ఇత్తడి లోమర పొదిగిన ఫిట్టింగే వాడండి.

పీపీ-ఆర్. 260 డిగ్రీల డైతో (వేడి అచ్చుతో) కరిగించి అతికించే పైపు. పైపు, ఫిట్టింగ్ ఒకే ప్లాస్టిక్, జాయింట్లో మూడో పదార్థం ఉండదు. 20 మి.మీ.కు 5 సెకన్లు, 25కు 7, 32కు 8, 40కి 12 సెకన్లు వేడి చేయాలి. డై నుంచి తీశాక చిన్న సైజుల్లో 4 సెకన్లలో కలపాలి, తిప్పకూడదు. ‘ఇంకో రెండు సెకన్లు ఉంచితే గట్టిగా పడుతుంది’ అన్న ఊహే ఎక్కువ జాయింట్లను పాడు చేస్తుంది. కరిగిన ప్లాస్టిక్ లోపలికి పొంగి దారి మూసుకుపోతుంది. 20 మి.మీ. ఎస్‌డీఆర్ 6 పైపు లోపల ఉన్నదే 13.2 మి.మీ., అందులో రెండు మి.మీ. పొంగితే ధార ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. తడి పైపును అతికిస్తే ఆవిరి బుడగలు లోపలే ఉండిపోతాయి. రాగి గొట్టాల నుంచి వచ్చే వేడినీటిలో కరిగిన రాగి దీని జీవితాన్ని తగ్గిస్తుంది. ఆ రెంటినీ ఒకే వేడినీటి చుట్టులో పెట్టకండి. ఎండలోనూ తొడుగు లేకుండా వదలొద్దు.

పెక్స్, పీఈ-ఆర్‌టీ. వేడినీటిని తట్టుకునేలా చేసిన పీఈ రకాలు. చుట్టలుగా వచ్చి, మధ్యలో జాయింటు లేకుండా మ్యానిఫోల్డ్ (నీటిని పలు పైపులకు పంచే గొట్టం) నుంచి కుళాయి దాకా నడిచే పైపులు. గోడలోనూ నేలలోనూ జాయింటు ఉండకూడదనుకుంటే ఇదే దారి. పెక్స్ కరగదు కాబట్టి అతికించలేరు, నొక్కి బిగించే క్రింప్ లేదా ప్రెస్ ఫిట్టింగులే, వాటికి సరైన టూలు కావాలి. ఎండలో కొద్ది నెలలు పడున్నా లోపలి రక్షక రసాయనాలు కరిగిపోతాయి, కంటికి మాత్రం ఏమీ కనిపించదు. ఉక్కు బాయిలర్ ఉన్న మూసిన చుట్టులో వాడితే ఆక్సిజన్‌ను ఆపే పొర ఉన్న రకమే తీసుకోవాలి, లేదంటే పైపు బాగానే ఉంటుంది, బాయిలర్ తుప్పు పడుతుంది.

## ఎవరికి ఏది

నేలలో పొడవైన చల్లనీటి లైన్, పంపు తరచూ ఆగి మొదలవుతుంది, అతికించే మెషీన్, తెలిసిన మనిషి అందుబాటులో ఉన్నారు: పీఈ100. మెషీన్ లేదు, లైన్ తిన్నగా ఉంది, నీరు ట్యాంకు నుంచి దానంతటదే దిగుతుంది: పీవీసీ. జాయింటు తెలియని చేతుల్లో పీఈ100 కన్నా, తెలిసిన చేతుల్లో పీవీసీ ఎక్కువ కాలం నిలుస్తుంది.

పైకప్పు మీద ఎండలో చల్లనీరే అయినా 0.63 గుణకంతో లెక్కేసి దానికి సరిపోయే పై పీఎన్ తరగతికి వెళ్లండి. అదే పని నల్ల పీఈతో చేస్తే ఎండకు పెళుసుబారే బాధ ఉండదు కానీ ప్రతి మీటరుకూ పట్టు వేయకపోతే పైపు పాములా వంకర్లు తిరుగుతుంది.

ఇంట్లో వేడినీటికి, పాత గోడల్లో అక్కడక్కడ కలపాల్సిన పనైతే సీపీవీసీ. కొత్తగా మొత్తం వేస్తుంటే పీపీ-ఆర్ లేదా పెక్స్. సోలార్ ప్యానెల్ నుంచి వచ్చే మొదటి ముక్కకు మాత్రం ఇవేవీ వద్దు. నీరు కదలని మధ్యాహ్నం అక్కడ 100 డిగ్రీలు దాటగలదు, ఏ తరగతీ దాన్ని ఊహించలేదు. అక్కడ లోహపు పైపు వేసి, చల్లనీరు కలిపి వేడి తగ్గించే వాల్వ్ తర్వాతే ప్లాస్టిక్ మొదలుపెట్టండి.

## మూసే ముందు పరీక్ష

గుంత పూడ్చకముందు నీటితోనే పరీక్షించండి, గాలితో ఎప్పుడూ వద్దు. ఒత్తిన గాలి స్ప్రింగులా శక్తిని దాచుకుంటుంది, పీవీసీ పగిలితే ముక్కలు ఎగిరి తగులుతాయి. కింది నుంచి మెల్లగా నింపి, పై చివర గాలి పూర్తిగా పోయేదాకా వాల్వ్ తెరిచి ఉంచండి. సొల్యూషన్ జాయింట్లు సీసా మీద రాసిన సమయం ఆరాకే ప్రెజర్ పెట్టాలి.

పీవీసీలో గేజ్ ముల్లు పడిపోతే లీకేజి ఉన్నట్టే లేదా గాలి మిగిలినట్టే. హెచ్‌డీపీఈలో అలా కాదు. లీకేజి ఏమీ లేకపోయినా పైపు సాగుతూ ఉండటం వల్ల ముల్లు గంటల తరబడి దిగుతూనే ఉంటుంది. దాన్ని చూసి మంచి జాయింట్లను తవ్వి తీసినవారున్నారు. ప్రెజర్‌కు ఎక్కించి అరగంట పట్టి ఉంచి, గంటసేపు వదిలేయండి. తర్వాత కొంచెం నీరు టక్కున వదిలి ప్రెజర్‌ను 10 నుంచి 15 శాతం దించి, వాల్వ్ మూసి అరగంట గేజ్ చూడండి. పైపు మళ్లీ ముడుచుకుంటుంది కాబట్టి ముల్లు కొంచెం పైకి లేవాలి, లేదా ఉన్నచోట నిలవాలి. ముందు పైకి లేచి తర్వాత దిగడం మొదలైతే అప్పుడు లీకేజి వెతకండి.